ఉతుకుడు బండ మళ్లీ వాకిట్లోకి

మొన్న గురువారం పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, తాండూరు పాతబజారులోని మా ఇంటి అరుగు మీదినుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, చక్రాల కుర్చీలో బజారులోకి దిగింది. ఎవరూ మోయలేదు, దర్జాగా దొర్లుకుంటూ దిగింది. దానికి అనుమతి సాధించింది నేను. ఆ మాట నేను చెప్పుకోకపోతే మా ఇంట్లో చెప్పేవాళ్లు లేరు.

పోయిన వానాకాలం తుంటి ఎముక విరిగిన నాటినుంచి ఆమె గడప దాటలేదు. వాకిట్లో ఎత్తయిన మెట్లు. మగవాళ్లు ఎత్తబోతే "నేనేమన్న కందిబస్తానా? కింద పెట్టుండ్రి" అని కసిరేది. మెట్ల మీద ఏటవాలుగా సిమెంటు పోసుకుంటామంటే, మీది పాతకాలపు వీధి, కాపాడాల్సిన వీధి, ఇళ్ల ముందు కొత్తది ఏదీ కట్టకూడదని మునిసిపాలిటీ వాళ్లన్నారు. యాభై దాటాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని, అర్జీ నేనే రాశాను. తిప్పి పంపారు. మళ్లీ రాశాను. మళ్లీ తిప్పి పంపారు.

నేను మర్పల్లి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ముందుగదిలోని కందుల దుకాణం మార్కెట్ యార్డుకు తరలిపోయింది. గోడలకు మాత్రం కందిపొట్టు వాసన ఇంకా వదలలేదు. మా అత్త నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, అడ్డంగా గాట్లు చెక్కిన పెద్ద నీలిబండ చూపించి, ఇక్కడే ఉతుక్కో అంది. ఆ గాట్లు బట్టలు రుద్దడానికేనని నమ్మి, పెళ్లినాటి చీరలనుంచి మనవడి గుడ్డలదాకా దాని మీదే బాదాను.

మొన్నామధ్య దాని మీద దుప్పటి బాదుతూ మునిసిపాలిటీని తిడుతుంటే, వెనక గుమ్మంలో కూర్చున్న వదిన పకపకా నవ్వింది.

"నీకు అక్షరాలొచ్చినయి గని అక్కల్ రాలే పిల్లా, తెలివి రాలే. గది బట్టల బండనా? దుకాణం ముంగట మెట్ల మీద ఏటవాలుగ ఉండె. హమాలీలు బస్తాల బండి దానిమీదికెళ్లే తోస్తుండిరి. కాళ్లు జారకుండ మా నాయిన గాట్లు కొట్టిచ్చిండు. నేను జారి జారి మస్తు లంగాలు చింపిన."

దుప్పటి అక్కడే వదిలేసి ఆఫీసుకు పోయాను. "కొత్తది కట్టం సారూ, మా పాతదే మళ్ల పెట్టుకుంటం. వచ్చి చూడుండ్రి" అన్నాను. సోమవారం ఆ సారు వచ్చాడు. ఏ బండ తెచ్చినా పాతదే అంటారని గొణిగాడు. నేను అరుగు అంచున పూసిన సున్నం గీకించాను. లోపల పొడుగాటి గాడి బయటపడింది. హమాలీలు బండను తెచ్చి వాల్చగానే దాని అంచు ఆ గాడిలో ఇమిడిపోయింది. "ఇప్పుడు చెప్పు సారూ, పాతదా కొత్తదా?" అన్నాను. సారు నవ్వి, అరుగు మీదే కూర్చుని సంతకం పెట్టాడు.

బస్తాల బళ్లు ఇక రావు. వదినతో పాటు జారిన పిల్లల ఇళ్లలో సగం తలుపులకు తాళాలు. పెరట్లో బండ ఉన్నచోట మట్టి పచ్చిగా కనబడితే నాకే ఏదోలా ఉంటుంది. ఇప్పుడు బట్టలు మిషనే ఉతుకుతుంది.

ఆ గురువారం అక్కడున్నది: కుర్చీ వెనక పట్టుకున్న మా ఆయన, వద్దన్నా హారతి పళ్లెం తెచ్చిన కోడలు, బండ మోసిన హమాలీలు, ఎదురింటి కన్నడం ముసలమ్మ, చూసిపోదామని వచ్చిన ఆ సారు, నేను, ఇంకా, ఈసారి చిరగకూడదని చీర కుచ్చిళ్లు ఒళ్లోకి లాక్కుని, "ఇడువు తమ్మీ, చెయ్యిడువు" అని అరుస్తున్న మా వదిన.