అనకాపల్లి సున్నా

రసంలో తీపి ఎంతుందో చెప్పే జానెడు గొట్టం ఒకటి చాలాకాలం నా దగ్గర ఉండేది. దాన్ని రిఫ్రాక్టోమీటరు అంటారు. ఒక చివర ఉన్న ఏటవాలు గాజు మీద రెండు చుక్కల రసం వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి రెండో చివర కన్ను ఆనిస్తే లోపల గుండ్రని ఆకాశం తెరుచుకుంటుంది. పై భాగం నీలం, కింది భాగం తెలుపు. వాటి మధ్య సరిహద్దు గీత ఏ అంకె మీద నిలిస్తే తీపి అంత. ఉత్త నీళ్లు వేస్తే అది సున్నా మీద నిలవాలి.

నేను అప్పట్లో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పరికరాలు సరిచూసే ఉద్యోగం చేసేవాణ్ణి. డిజిటల్‌వి వచ్చాక పాతవాటిని మాకే అమ్మేశారు. అలా ఇంటికి తెచ్చుకున్న ఈ గొట్టంతో కొన్నాళ్లపాటు ఏ అవసరమూ లేకుండా చెరుకురసం, తాటిముంజెల నీళ్లు, వానచినుకులు చూశాను. ఎంతసేపు చూసినా ఆ నీలం ఎక్కడో దూరంగా ఉన్నట్టే అనిపించేది. తరువాత ఇల్లు ఇరుకై, అది బీరువాలో పడింది. ఇంటర్నెట్లో వేలం పెట్టి అమ్మడం మా అనకాపల్లిలో కొత్తగా తెలిసిన రోజులు. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని, గొట్టం మీద గీతను జరిపే చిన్న మరను తిప్పి, గీతను సున్నా మీదికి తెచ్చి, బెల్లం మార్కెట్టు దారిలో నెట్ సెంటర్ నడిపే స్నేహితుడి దగ్గర ప్రకటన పెట్టాను. "సున్నా సరిచూడబడినది" అని ప్రత్యేకంగా రాశాను.

దేశమంతా చూసే ప్రకటన చూసి కొన్నది మాత్రం నర్సీపట్నం దాటాక, చింతపల్లి వైపు కొండల్లో కమలాపళ్ల తోట ఉన్న రైతు. కొరియర్లో పంపాను.

పది రోజులకు ఆయన దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. సంతకు దిగినప్పుడు నర్సీపట్నంలో ఎవరిచేతో టైపు చేయించినది. నీళ్లు వేస్తే ఒకటి పాయింట్ రెండు చూపిస్తోందట. వారానికి ఇంకొకటి: సున్నా పాయింట్ ఆరు. మూడోదానిలో ఒకటి. చివర్లో, సగం సొమ్ము వెనక్కి పంపితే సర్దుకుంటానని.

నా స్నేహితుడు తెర వైపు చూస్తూ, "బావా, ఒక్కో ఉత్తరంలో ఒక్కో అంకేటి? అబద్ధమాడీవోడికి ఆడిన అంకె గుర్తుండదు. సగం డబ్బులకి ఏత్తన్నాడు గాలం" అన్నాడు.

నాకూ అలాగే తోచింది. నిజంగా చెడిన పరికరమైతే ఒకే తప్పు చూపిస్తుంది. రోజుకొక తప్పు చూపించదు. ఆ మాటే మర్యాదగా రాసి, పరికరం తెచ్చి నా ఎదుట చూపమన్నాను.

ఆయన వచ్చాడు. డిసెంబరు నెల, మిట్టమధ్యాహ్నం. నలభై దాటిన మనిషి, మెడ చుట్టూ ఇంకా మఫ్లరు. గొట్టాన్ని తువ్వాల్లోంచి తీసి, నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడి గాజు మీద నీళ్లు వేసి చూశాడు. తుడిచి, మళ్లీ వేసి చూశాడు. తరువాత నా చేతికిచ్చాడు. గీత సున్నా మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచి ఉంది.

"ఏటి మామా, బస్సు కుదుపుకి బాగుపడిపోనాదా?" అన్నాడు నా స్నేహితుడు.

"నవ్వకు బాబూ. కాయలు కొనడానికొచ్చిన సేటుకి ఇందులో తీపి సూపించేను. ఆడు నీళ్లేసి సూసి, నీళ్లక్కూడా తీపుందంతాంది నీ గొట్టం, దీన్నీ నిన్నూ ఏటి నమ్మీది అన్నాడు. ఆదివారం మళ్లీ వత్తాడు. ఇప్పుడు మీరూ అదే మాట." ఆయన గొట్టాన్ని నా చేతిలోంచి తీసుకుని చెంపకు ఆనించుకున్నాడు. "అక్కడ పొద్దున్నే పట్టుకుంటే సెయ్యి కొంకర్లు పోద్ది. ఇక్కడ సూడండి, ఎచ్చగుంది."

ఆ మాట విన్నాక కొన్ని క్షణాలపాటు వీధి చప్పుడంతా నాకు నీళ్ల అడుగు నుంచి వినిపించింది. గీత చలికి పైకీ వేడికి కిందికీ జరుగుతుంది. ఆ సవరణ పట్టిక నాకు కంఠతా వచ్చు. కానీ మా ల్యాబులో ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీలే. పట్టిక అవసరం ఎన్నడూ రాలేదు. నేను సున్నా పెట్టింది మా వసారాలో, ముప్పై డిగ్రీల్లో. మా ఊరి ఎండను లోపల బిగించి ఆయన మంచులోకి పంపాను. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె; ఆయన చూసింది చూసినట్టు రాశాడు.

ఎదురుగా చెరుకురసం బండి దగ్గర ఐసు తెచ్చి, గొట్టాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దానిలో పాతిపెట్టాం. కాసేపటికి తీసి, గాజు తుడిచి, చల్లని నీళ్లు వేసి చూశాను. తెలుపు నెమ్మదిగా, పొగమంచు లోయలోంచి లేచినట్టు, పైకి జరిగి ఒకటి పాయింట్ రెండు దగ్గర నిలిచింది. గొట్టాన్ని నా స్నేహితుడికి ఇచ్చాను. వాడు చాలాసేపు కన్ను తీయలేదు.

"ఎంతుంది?" అన్నాడు రైతు.

"మీరు సెప్పిందే, మామా."

మరను ఎలా తిప్పాలో చూపించి, వాడబోయే చోటే, వాడే ముందే సున్నా పెట్టుకోమని చెప్పాను. సగం సొమ్ము ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బులొద్దు. నాను అబద్ధం ఆడలేదని రాసియ్యండి. సేటుకి సూపించాల."

నెట్ సెంటర్లోనే తెల్లకాగితం తీసుకుని, పరికరంలో లోపం లేదనీ, సున్నాను తప్పు ఉష్ణోగ్రతలో పెట్టింది అమ్మిన నేనేననీ, కొన్నవారు చూసి చెప్పిన మూడు అంకెలూ నిజమేననీ రాసి, కింద నా ఉద్యోగం హోదాతో సంతకం చేశాను. ఆయన దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి, నా స్నేహితుణ్ణి కూడా దగ్గరికి పిలిచి వినమన్నాడు.