మూత తీయని ఆదివారం

కనకవ్వ నిలబడే నిద్రపోతుంది. నేను కళ్లారా చూశాను. మా ఇంట్లో గిన్నెలు తోముతూ, పీచు చేతిలో ఉండగానే, గోడకు భుజం ఆనించి కునుకు తీస్తుంది. పొద్దున ఆరింటికి మా ఇల్లు, తొమ్మిది నుంచి ఏడు దాకా ఖటోదరా పేటలో చీరల దారాలు కత్తిరించే పని, ఆ తర్వాత ఇంట్లో పొయ్యి. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, ఇదే వరస. మగ్గాల మీద పనిచేసే మొగుడు లింగానికి ఆదివారం కోడికూర ఉండాలి. దాంతో ఉన్న ఒక్క సెలవూ పొయ్యి పాలే.

చూసి చూసి నాకు ఒళ్లు మండింది. మా ఆయన ఆఫర్‌లో తెప్పించి, రెండుసార్లు వాడి అటకెక్కించిన కరెంటు స్లో కుక్కర్ దింపి ఆమె చేతిలో పెట్టాను.

"ఉప్పూ కారం పట్టించిన కోడి ఇందులో వేసి, మూత పెట్టి, మీట సన్నసెగకు తిప్పు. ఎనిమిది గంటలు దాని జోలికి పోకు. హాయిగా పడుకో," అన్నాను.

సోమవారం ఎర్రటి కళ్లతో వచ్చింది.

"పడుకోలేదా?"

"ఏడ పండుడమ్మా! అండ్ల ఉడుకుతున్న సప్పుడే లేదు. మూత దీసి సూస్తి. జరసేపాగి మళ్ల సూస్తి, కలిపితి. పొద్దుమూకినా బొక్క కాడ పచ్చిగనే ఉండె. ఆఖరికి గ్యాసు మీదనే ఉడకవెట్టిన."

మూత తీసినప్పుడల్లా ఉన్న కాస్త వేడీ పోతుందని చెప్పాను.

"సూడకుంటె ఉడికిందో లేదో ఎట్ల ఎర్కైతది?" అంది.

ఇన్నేళ్లూ గరిటెతో తిప్పి, కంటితో చూసి వండిన మనిషి. ఆమె తప్పేముంది? అయినా కసిరాను. "ఈసారి మూత ముట్టుకున్నావంటే కుక్కర్ వెనక్కి తీసుకుంటా!"

తర్వాతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ప్లగ్గు పెట్టి, "నేను లేసేదాంక మూత దియ్యకు," అని లింగానికి చెప్పి పడుకుందట. నాలుగింటికి లేద్దామనుకుంది. కళ్లు తెరిచేసరికి రాత్రి ఎనిమిదిన్నర, గల్లీలో దీపాలు వెలుగుతున్నాయి. లింగం కుక్కర్ పక్కన కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం వండుకుని ఉల్లిగడ్డ నంజుకు తిన్నాడు. గదంతా కూర వాసన కొడుతున్నా మూత ముట్టలేదు.

"లేపొద్దా నన్ను?" అని కనకవ్వ గొంతు పెంచింది.

"ఎట్ల లేపాలె? గురక వెడుతున్నవు. నువ్వు గట్ల పండంగ నేనెన్నడు సూడలె," అన్నాడతను.

ముక్కలన్నీ ఎముకలు వదిలేసి గుజ్జయ్యాయి. కొరికి తినే ముక్క లేకపోతే లింగానికి ముద్ద దిగదు. ఆ రోజు మాత్రం నోరెత్తకుండా తిని, మళ్లీ వడ్డించుకున్నాడు.

ఇదంతా చెబుతూ కనకవ్వ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఒక మనిషి కంటినిండా నిద్రపోవడం ఇంత పెద్ద కబురు కావాలా అని ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని పీచు అందుకుంది.

"అమ్మా, మళ్ల ఐతారానికి ఎన్ని దినాలున్నయి?"

అప్పుడు సోమవారం పొద్దున ఆరున్నర.