అమ్మవారికేసిన టీకా

నరసరావుపేటలో కిక్కిరిసిన మాచర్ల బస్సు పెళ్ళాం పిల్లలతో సహా ఎక్కి, నలుగురు పట్టే సీటును ఒక్క మాటతో గెలిచిన మొనగాణ్ణి నేను. ఆ సీట్లో బిడ్డనెత్తుకున్న ఒక ఆడమనిషి తప్ప ఎవరూ లేరు. జనమంతా ఆమెకు ఎడంగా నిలబడ్డారు. దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఖాళీ జాగా కనబడితే ఊరుకుంటానా?

"ఇక్కడ కూర్చోబాకన్నా. నా బిడ్డకి కోరింత దగ్గు. నీ దగ్గర పసిపిల్ల ఉంది," అందామె.

సీటంతా తనే కాజేసే ఎత్తు అనుకున్నాను. మూడు నెలల మా పాప జబ్బ మీద మచ్చ చూపించాను.

"ఏందమ్మా నీ బెదిరింపు? మా పిల్లలిద్దరికీ టీకాలేయించాం."

"అది అమ్మవారు పోయకుండా ఏసే టీకా అన్నా. దగ్గుకి కాదు."

"నిలబడదాం, రండి," అంది నా భార్య. నేను వినలేదు.

దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఆమె బిడ్డ మొహాన్ని కిటికీ వైపు తిప్పి, మాకు తగలకుండా చెంగు అడ్డం పెట్టింది. వాడు దగ్గి దగ్గి, చివర కూత పెట్టినట్టు ఊపిరి లాక్కునేవాడు. పిడుగురాళ్ళలో దిగేదాకా ఆమె ఆ చెయ్యి దించలేదు. వాడు బతికాడో లేదో నాకు తెలియదు.

ఆ సీటుకు మేము చెల్లించింది ఇది. నాకు రెండు నెలల పొడి దగ్గు. అయిదేళ్ళ పెద్దవాడికి ఎండాకాలమంతా కూత, వాంతులు; బతికి బయటపడ్డాడు. పాపకు కూతైనా రాలేదు. ఊపిరి ఆగి, నీలంగా మారి, తల్లి ఒళ్ళోనే పోయింది. ఇందులో ఆ చెంగు అడ్డం పెట్టిన తల్లి వంతు ఏమీ లేదు. అంతా నాదే.