నీలి గీత ఆగిన రోజు

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను నల్గొండలో ఒక దినపత్రికకు విలేకరిని. జిల్లా దక్షిణపు అంచున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్లతో కొత్త కంట్రోల్ రూమ్ తెరుస్తున్నారని మమ్మల్ని వ్యానులో తీసుకుపోయారు. బయట సున్నపురాతి దుమ్ము, లోపల వణికించే ఏసీ. చెప్పులు గడప బయటే విప్పించారు.

గోడ నిండా ఉండే మీటర్లు, గుండీలు పోయి వాటి చోట నాలుగు తెరలు వచ్చాయి. ఒక తెర మీద నీటి పైపుల బొమ్మ. నది దగ్గరి పంపు నుంచి ఫ్యాక్టరీ ట్యాంకు దాకా ఒక గీత. దారిలో దాన్నుంచి చీలి పక్క ఊరి ట్యాంకుకు మరో గీత. సున్నపురాయి కోసం ఊరి గుట్ట తవ్వుకున్నందుకు తాగునీళ్లిస్తామని ఫ్యాక్టరీ వాళ్లు మాటిచ్చి వేసిన పైపు అది. రెండు గీతల్లోనూ నీలం ముక్కలు ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతున్నాయి. ఊరి పెద్దలనూ పిలిచారు. వాళ్లు రెప్ప వేయకుండా చూశారు. నేనూ అంతే. ఊరికి నీళ్లు పోవడం కళ్లారా చూశామని మరునాడు జిల్లా పేజీలో రాశాను.

నాలుగు రోజుల తర్వాత ఆ తెర ముందు కూర్చునే ఆపరేటర్ మా ఆఫీసుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి. తెర ముందుకు రాకముందు ఏళ్ల తరబడి ఆ పైపుల వెంట తిరిగి వాల్వులు తిప్పినవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మడిచిన పేపరు నా బల్ల మీద పెట్టాడు.

"సార్, గిది మీరే రాసిన్రా?"

"నేనే."

"కళ్లార చూసినమని రాసిన్రు. ఏం చూసిన్రు?"

"నీళ్లు పోవడం."

"బొమ్మ చూసిన్రు సార్. ఊర్లెకు చుక్క నీళ్లు రాక ఇరవై రోజులైతాంది."

ఆయన 'ఆపా' అని పిలిచే అక్కను ఆ ఊరికే ఇచ్చారు. తెర మీద నీళ్లు పోతున్నాయి, పేపర్లోనూ పడింది. మరి ట్యాంకుకు ఎందుకు రావడం లేదంటే, మధ్యలో ఎవరో కట్టేస్తున్నారని ఊరు తీర్మానించుకుంది.

"వాల్వు తిప్పే చెయ్యి ఎవరిదో ఊరందరికీ ఎరుకే సార్. మా ఆపా నాకు చాయ్ గూడ పోస్తలేదు. నా తమ్ముడే మా నోట్ల మన్ను కొడుతుండని వాడకట్టంతా చెప్తాంది."

"మీ ఇంజినీరుకు చెప్పలేదా?"

"చెప్పిన. నీకు కంప్యూటర్ సమజ్ కాలేదన్నడు."

పైపులు చీలే చోటికి రేపు వచ్చి చూడమని చెప్పి ఆయన వెళ్లిపోయాక నాకు కుదురు లేకపోయింది. రాసిన నాలుగు పేరాలు మళ్లీ మళ్లీ చదువుకున్నాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారాను. దారి పొడుగునా ఏదో ఒక సాకు వెతుక్కుంటూనే ఉన్నాను.

పైపులు రెండుగా చీలే చోట ఆయన నా కోసం నిలబడి ఉన్నాడు. సంచిలోంచి పొడుగాటి పానా తీసి ఒక కొసను ఫ్యాక్టరీ పైపుకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టమన్నాడు. లోపల నీళ్లు హోరుమంటున్నాయి. తర్వాత పానాను ఊరి పైపుకు ఆనించాడు. ఎండకు కాలిన ఇనుము చెవికి చురుక్కుమనడం తప్ప ఏమీ లేదు.

"ఇగ నడువుండ్రి, పోయి తెర చూద్దాం," అన్నాడు.

తెర మీద ఊరి గీత పరుగెత్తుతూనే ఉంది. ఆ బొమ్మలు గీసింది ఫ్యాక్టరీ ఇంజినీరు కాదు, హైదరాబాద్ నుంచి వచ్చిన మరో ఇంజినీరు; మిగిలిన పని ముగించడానికి అక్కడే ఉన్నాడు. అడిగితే దాచకుండా చెప్పాడు.

"తెర మీద ఏదీ కదలదండీ. మూడేసి ముక్కలు వంతులవారీగా వెలిగి ఆరుతాయి. పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లు చూడరూ, అదే."

"దేన్ని బట్టి వెలుగుతాయి?"

"పంపు నడుస్తుంటే వెలుగుతాయి."

"ఊరి పైపులో నీళ్లున్నా లేకున్నా?"

"ఆ పైపుకు నీళ్లు కొలిచే మీటరు పెట్టలేదు. పెట్టి ఉంటే గీతను దానికే కలిపేవాణ్ని."

ఆపరేటర్ అందుకున్నాడు. "మరి తెల్వనిదాన్ని ఎందుకు ఉరికిస్తున్నరు సార్? ఆపుండ్రి."

"ఆపితే చూసినవాళ్లు ఏమైందని అడుగుతారు."

"అడగనియ్యుండ్రి. గందుకే ఆపమంటున్న."

నేను రాసి పంపిన దాంట్లో, ఊరికి నీళ్లు రావడం లేదన్న నాలుగు వాక్యాలే అచ్చయ్యాయి. మేము పొరబడ్డామన్న వాక్యం డెస్కులో ఎగిరిపోయింది. అయినా ఆ నాలుగు వాక్యాలకే ఫ్యాక్టరీలో కదలిక వచ్చింది. ఇంజినీరు ఊరి గీతను బూడిద రంగులోకి మార్చి ఆపేశాడు. ఆపరేటర్ గేటు పాసు రాయించి అక్కనూ, ఇద్దరు పెద్దమనుషులనూ తీసుకొస్తున్నానని కబురు పెట్టాడు. అచ్చులో చెప్పలేకపోయింది నోటితోనైనా చెప్పాలని నేనూ పోయాను.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని తెరకు దగ్గరగా నిలబడింది.

"గీ గీత ఎందుకు ఉరుకుతలేదు తమ్మీ?"

"నీళ్లు పోతలేవు గదా ఆపా."

"మరి మొన్న ఉరికిందంట?"

ఆయన నా వైపు చూశాడు. "మొన్న ఉరికినవి ఉత్త లైట్లమ్మా," అన్నాను. "నీళ్లనుకుని రాసింది నేనే."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "చదువుకున్నోనివి, పోయి నల్ల తిప్పి చూడొద్దా బిడ్డా?" తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "డ్యూటీ దిగినంక ఇంటికి రా. చాయ్ తాగి పోదువు."

ఆ వారంలోనే పైపు వెంట తవ్వారు. రాయి మోసే లారీలు దాటే బాట కింద పైపు అణిగి మూసుకుపోయి ఉంది. దాన్ని మార్చారు. మీటరు రావడానికి మరికొన్ని నెలలు పట్టింది.

మీటరుకు గీతను కలిపిన రోజున ఆపరేటర్ రమ్మంటే వెళ్లాను. ఊరి వైపు నీళ్లు వదలగానే నీలం ముక్కలు మొదట ఒకటి, ఆగి మరొకటి, తర్వాత వరసగా కదిలాయి. జేబులోంచి పెన్ను తీశాను.

"జర ఆగుండ్రి సార్," అని ఆయన ఫోను అందుకుని ఊర్లోని కిరాణా దుకాణానికి కలిపాడు. అక్కను పిలవమన్నాడు. ఆమె వచ్చేదాకా రిసీవరు చెవికి ఆనించుకుని తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాను.

"ఆపా, వచ్చినయా?... బిందె నిండిందా?... సరే, సరే, వస్త."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

"ఇగ రాసుకోండ్రి సార్."