చిన్నాయన మాటకు జేజి ఒట్టు

నిన్న సాయంత్రం టీవీలో ఇద్దరు నాయకులు, దమ్ముంటే గుడికి రా, ప్రమాణం చేద్దామని ఒకరినొకరు సవాలు చేసుకుంటుంటే నాకు నవ్వాగలేదు. ఒట్టు అనగానే ఈ వయసులోనూ నాకు గుర్తొచ్చేది, ఏనాడూ ఒట్టు పెట్టని మా చిన్నాయనే.

తెల్లదొరల పాలన ఇంకా పోని రోజులవి. కమలాపురం దగ్గర మా పల్లెలో దేవుడు లేడని పైకి చెప్పిన మనిషి ఆయనొక్కడే. అయినా మా జేజి, అంటే ఆయన తల్లి, ఏటా ఒంటిమిట్ట తిరునాళ్లకు పోతే మూట మోసేది ఆయనే; ఆమె లోపల దండం పెట్టుకుని వచ్చేదాకా బయట అరుగు మీద తీరిగ్గా బొరుగులు తింటూ కూర్చునేవాడు. ఆయనంటే మా ఇంటి పిల్లలందరికీ ప్రాణం.

ఒక ఏడు వానల్లేక మా బావి అడుగంటింది. పక్క చేను, భర్త పోయిన, వరసకు మాకు అత్తయ్యే ఒకామెది. ఆ బావి నీళ్లలో ఆమెకూ వంతుంటుందని మా తాత బతికుండగా నోటిమాటగా ఒప్పుకున్నాడు. కరువొచ్చేసరికి మా నాయన, అట్లాంటి మాటే లేదు పొమ్మన్నాడు. వంతు పోతే ఆమె జొన్నచేను ఎండిపోతుంది, పిల్లలకు పస్తే. మా నాయన కాక, తాత మాట విన్నవాళ్లలో మిగిలింది చిన్నాయన ఒక్కడే.

రామాలయం ముందర పంచాయితీ పెట్టారు. చిన్నాయన సొంత అన్నకు ఎదురు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. మా వైపు ఆనవాయితీ ప్రకారం, వెలిగించిన కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమన్నారు పెద్దలు.

"నేను ఆర్పనప్పా. లేనోని మీద ఒట్టేస్తే, అదే నా మొదటి అబద్ధమైతాది," అన్నాడు.

దేవుని భయం లేనివాని మాట చెల్లదని పెద్దలు తేల్చేశారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఆడవాళ్లలోంచి మా జేజి లేచింది.

"వాడు నమ్మకుంటే ఏమప్పా, నేను నమ్ముతా గదా! నా కొడుకు అబద్ధమాడడని నేనార్పుతా," అంటూ కర్పూరం మీదికి చెయ్యి చాపింది.

మా నాయన ఒక్క ఉరుకున వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, తమ్ముడు చెప్పిందే నిజమని అందరి ముందరా భోరుమన్నాడు. మర్నాడు ఎద్దులు కట్టి, కపిల తోలి నీళ్లు తోడి, అత్త చేనికి నీళ్లు పారించింది కూడా ఆయనే.

దేవుని భయమే మా నాయన చేత నిజం చెప్పించిందని ఊరంతా అనుకుంది. నాకెందుకో ఆ మాట మింగుడుపడదు. జేజి ఒట్టు అబద్ధం కాదని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే కదా, ఇక ఆమెకేమవుతుందని భయం? తల్లి ముందర సిగ్గుపడ్డాడు, అంతే. అందుకే మా నాయన నాకు మరీ ఇష్టం.

ముగ్గురూ పోయి ఎన్నేళ్లయిందో! ఇప్పుడు గుళ్ల ముందర కర్పూరాలు తెగ వెలుగుతున్నాయి, ఎవరి ఒట్టు వాళ్లే వేసుకుంటున్నారు. ఇంకొకరి మాట నిజమని తన చెయ్యి చాపే మనిషి మాత్రం, మా జేజి తర్వాత, నాకు మళ్లీ కనబడలేదు.