రెండో ముద్రణలో చేరిన పాదం

నా పుస్తకం రెండో ముద్రణ దెబ్బకి పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మొదటి ముద్రణ కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇలాగే చెబుతుంటాను.

భావనపాడు ఒడ్డున పెద్దవల లాగేవాళ్ల పాటల పుస్తకం అది. తొంభైల చివర్లో నేనూ, టెక్కలిలో లెక్చరర్‌గా ఉన్న మా అక్క మొగుడూ కలిసి సేకరించాం. ఎండలో ఇసక మీద నిలబడి రాసుకున్నది నేను. అచ్చు పని చూసింది ఆయన. తీరా వచ్చేసరికి అట్ట మీద ఆయన పేరొక్కటే.

“ఏటి బావా, నా పేరేది?”

“ఉంది కదరా, సివర్న సూడు. కాయితం అమ్మినోడి పేరు కింద.”

అది నాకు మింగుడు పడలేదు. కొన్నేళ్లకి ఆయన విశాఖ బదిలీ కాగానే, పలాసలో డీటీపీ చేయించి రెండో ముద్రణ తెచ్చాను. అట్ట మీద నా పేరు. ఆయన పేరు కాయితం అమ్మినవాడి కింద కూడా లేదు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? తాడు సరిగ్గా లాగనివాడి మీద అప్పటికప్పుడు ఒక పాదం కట్టి ఏడిపించడం ఆ ఒడ్డున ఆనవాయితీ. అలాంటిదొకటి మొదటి పేజీలో వేయించాను.

కళ్లద్దాల మావ సూడు, హైలెస్సా
తాడుకేలాడతన్నాడు, హైలెస్సా

“టెక్కలి లెక్చరర్ గారి మీద కట్టినది” అని కింద వివరణ. ఆ కాపీ ఆయనకే రిజిస్టర్ పోస్టులో పంపాను. అక్క నాతో మాట్లాడడం మానేసింది. అయినా ఆ పేజీ తీసినప్పుడల్లా నాకు కడుపు నిండేది.

నిజానికి మొదటి ముద్రణ దానంతటదే అమ్ముడైపోయింది. అటక మీద కట్టలుకట్టలుగా ఉన్నది నాదే. ఆ పాదం మాత్రం కల్పన కాదు, ఒడ్డున నా చెవులతో విన్నాను.

వల దగ్గర పాట ఎత్తుకునే జాలరి భార్యకి ఆ పేజీ చదివి వినిపించాలని ఓసారి భావనపాడు వెళ్లాను. చేపలు ఎండబెడుతోంది. నవ్వుతుందనుకున్నాను. చేపలు తిరగేస్తూనే అంది:

“మీరిద్దరూ తాడట్టుకున్న దినం మీ బావ సొక్కా ఇప్పేసి లాగినాడు బావూ. ఆ పాట నీ మీద కట్నాం, నీకూ కళ్లద్దాలే కదా. రాసుకునే పుస్తకం తడిసిపోద్దని నువ్వు తాడు ఒంటిసేత్తో పట్టుకున్నావు. మళ్లీ అచ్చేయిస్తే సరిగ్గా రాయి.”