హెబ్రోను గారి ఉప్పుగాలి

ఇందుకూరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే హెబ్రోనుకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు. అది ఉప్పుగాలి. ఎవరింట్లో ఏ మిషన్ చెడినా, ఎందుకు చెడిందని అడిగితే ఆయన నోటి నుంచి వచ్చేది ఆ మాటొక్కటే. సముద్రం ఐదారు మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో అంటే సరేననుకోవచ్చు. నెల్లూరు నడిబొడ్డున, అద్దాల తలుపుల వెనక, ఏసీ గదిలో ఆగిపోయిన కంప్యూటర్‌కు కూడా ఆయన అదే జబ్బు చెప్పాడు.

"ఇంత దూరం గాలి ఎట్టొచ్చిందన్నా?" అని అడిగారు అక్కడి వాళ్ళు.

"బస్సులో వచ్చుంటాది" అన్నాడు హెబ్రోను, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుంటూ.

ఆకు కదలని మే నెల మధ్యాహ్నం కూడా గాలే. పెంచలయ్య పోస్టాఫీసు పక్కన పెట్టుకున్న జిరాక్స్ మిషన్ ఆగిపోతే, పెంచలయ్యను టీ తెమ్మని పంపి, అతను వచ్చేలోపు నడిపించి, "గాలి" అన్నాడు. "షట్టర్ దించే ఉండింది గదన్నా!" అని పెంచలయ్య నెత్తి గోక్కుంటే, "కింద సందుండాది గదా" అన్నాడు. ఆయన చొక్కాకు పై గుండీ ఎప్పుడూ ఉండదు. దాన్ని కూడా గాలే ఎత్తుకుపోయిందని ఊళ్ళో హాస్యం. హెబ్రోను ఆ హాస్యానికి కూడా తలూపేవాడు.

మైపాడు దారిలో కాపురముండే ఉష కూడా అప్పట్లో అందరితో పాటు నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఆమెకు ముద్ద దిగదు.

ఉషకు పెళ్ళయిన ఆరేళ్ళకు మొదటి ఉద్యోగం వచ్చింది. చీరలమ్మే ఒక కంపెనీకి ఇంట్లోనే కూర్చుని ఆర్డర్లు చూసే పని. సోమవారం ఉదయం తొమ్మిదికల్లా కంప్యూటర్ ముందు కూర్చోవాలి, కూర్చోకపోతే లిస్టులో తరువాతి పేరును పిలుస్తారు. ఆమె భర్త పెంచలకృష్ణ అక్కడే రొయ్యపిల్లలను పెంచే హేచరీలో మోటార్లు చూసే మనిషి. "రెడీమేడ్‌ది ఎందుకు, నేనే బిగిస్తా" అని ఒక్కో భాగం ఒక్కో ఊరి నుంచి తెప్పించాడు. అట్టపెట్టెలన్నీ మంచం మీద పరిచి, ఆదివారం బిగింపు అని ముహూర్తం చెప్పాడు.

అత్తగారు వెంకటశేషమ్మకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు. ఇష్టం లేదని ఆమె ఎప్పుడూ అనలేదు, అంతకంటే పెద్ద మాటే అనేది. "ఈ పిల్ల చెయ్యి పడితే మిక్సీ కాలిపాయె, ఇస్త్రీపెట్టె మాడిపాయె. రేపు ఈ కంప్యూటర్ గూడా చెడగొట్టిందనుకో, ఇంక ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. పొయ్యికాడ కూర్చోవాల్సిందే."

శనివారం మధ్యాహ్నం ఉష ఒక్కతే ఆ పెట్టెల ముందు కూర్చుంది. రెండు చిన్న పచ్చటి పలకలు, జానెడుకు కాస్త తక్కువ పొడవు, కంప్యూటర్ మెమరీ అట. అంచున బంగారు పళ్ళ వరస. ఆ తళతళ చూడగానే ఆమె ప్రాణం చివుక్కుమంది. ఈ గాలికి ఎన్నాళ్ళుంటుంది ఆ మెరుపు? మైపాడు దారిలో బంగారు పూత వేసిన వన్‌గ్రాము గొలుసు కొన్న ప్రతి ఆడమనిషికీ దానికి మందు తెలుసు. రంగులేని గోళ్ళరంగు ఒక పూత పూస్తే ఏడాది దాకా నల్లబడదు. ఉష మెళ్ళో గొలుసు అట్లా రెండేళ్ళుగా మెరుస్తోంది. సీసా తెచ్చి, ఊపిరి బిగబట్టి, పంటికి పంటికి రెండేసి పూతలు వేసి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఎక్కడివక్కడ పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేశానని లోలోపల మురిసిపోయింది.

ఆదివారం కృష్ణ కంప్యూటర్ బిగించి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది.

తీగ మార్చాడు. తెర మార్చాడు. ఫోనులో వీడియోలు పెట్టుకుని మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. మూడోసారి విప్పేసరికి ఒక స్క్రూ ఎక్కువ మిగిలింది. నాలుగోసారికి చొక్కా విప్పాడు. వెంకటశేషమ్మ గడప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, ప్రతి పదినిమిషాలకూ, "దాన్ని ఎవురన్నా తాకినారా అని అడుగబ్బయ్యా" అంటూ ఉంది. సాయంత్రం నాలుగింటికి కృష్ణ హెబ్రోనుకు ఫోన్ చేశాడు.

చర్చి నుంచి అటే వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కాలో దిగాడు హెబ్రోను. పెట్టె తెరిచి, మెమరీ పలకలు తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మిషన్లను వాసన చూసే మనిషిని ఉష అదే మొదటిసారి చూడటం. ఆయన ఒకసారి ఆమె మెళ్ళో గొలుసు వైపు, ఒకసారి గడప మీది వెంకటశేషమ్మ వైపు చూశాడు.

"ఏమైందబ్బా దానికి? మా కోడలేమన్నా జేసిందా?"

"ఉండు పెద్దమ్మా, చూస్తా ఉండా గదా. కృష్ణా, నువ్వు పొయ్యి పెన్సిల్ చెరిపే రబ్బరొకటి పట్రా. చెల్లెమ్మా, కాఫీ పెట్టు. చక్కెర లేకుండా."

ఉష కాఫీతో తిరిగొచ్చేసరికి ఆయన ఒళ్ళో బ్లేడు ఉంది, వేళ్ళ మధ్య పలక ఉంది. తను చూసుకున్న నిగనిగ లేదు. బంగారం వెలవెలబోయి, సన్నటి గీతలతో, పదేళ్ళు వాడిన దానిలా ఉంది. ఆమె గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. ఆయన పలకలు రెండూ నొక్కి బిగించి స్విచ్ వేశాడు. తెర వెలిగింది. రబ్బరు కోసం తిరిగి అప్పుడే వచ్చిన కృష్ణ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఏమైందన్నా?"

"ఉప్పుగాలి."

"పెట్టెలు తెరిచి ఒక రోజు గూడా కాలేదే!"

"ఈ సంవత్సరం జోరుగా ఉండాది."

ఉషకు ఒళ్ళు మండిపోయింది. "గాలీ లేదు, గీలీ లేదు" అంది. "కొత్తవి తీసి సంచిలో ఏసుకోని, మాకు పాతవి పెట్టినాడు. నేను కళ్ళారా చూసినా. మనవి ఎట్టా మెరస్తా ఉండినాయో నాకు తెలుసు."

హెబ్రోను నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఆ మాట అనే ముందు ఆయన కళ్ళు మళ్ళీ గడప వైపు వెళ్ళాయి. వెంకటశేషమ్మ చిక్కుళ్ళు పక్కన పెట్టి, చెవులు రిక్కించి చూస్తోంది. ఆయన నోరు మూసుకున్నాడు. తన సంచిలోంచి సీలు విప్పని కొత్త మెమరీ పలకలు రెండు తీసి బిగించి, ముందువి జేబులో వేసుకున్నాడు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. కాఫీ తాగకుండానే, కూలి తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

సోమవారం తొమ్మిదింటికి ఉష ఉద్యోగంలో కూర్చుంది. పదింటికి వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో హెబ్రోను సంగతి పెట్టింది. సాయంత్రానికి ఆ సంగతి ఇందుకూరుపేట చేరింది. ఆ తరువాత చాలామంది చెడిన కంప్యూటర్లు పట్టుకుని నెల్లూరు బస్సెక్కసాగారు. దారిలో హెబ్రోను ఎదురైతే ఉష తల తిప్పుకునేది. ఆయన మాత్రం, "ఉద్యోగం బాగుండాదా చెల్లెమ్మా?" అని అడిగేవాడు. దొంగకు ఎంత ధైర్యమని ఆమె పళ్ళు కొరుక్కునేది.

ఎనిమిది నెలలు గడిచాక ఉష కొత్త ఫోన్ ఛార్జర్ కొనుక్కుంది. పాతదాని మొన చిలుము పట్టి పోయింది కనుక, కొత్తదాని మొనకు లోపలి దాకా కుంచె పోనిచ్చి గోళ్ళరంగు పూసింది. ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కలేదు. నెల్లూరు తీసుకుపోయింది. షాపతను మొనను దీపం కింద పెట్టి చూసి, విరగబడి నవ్వాడు.

"రేయ్, అందరూ ఇట్టా రాండిరా! ఈయక్క ఛార్జర్‌కు నెయిల్ పాలిష్ ఏసింది! కరెంటు యాడనుంచి పోతాదక్కా? దీనికి మెహందీ గూడా పెట్టకపోయినావా?"

షాపులో పదిమంది నవ్వారు. ఉషకు ఆ నవ్వులు వినపడలేదు. కిటికీ వెలుతురులో పలకను వాసన చూస్తున్న మనిషి కనిపించాడు. ఆయన ఒళ్ళో బ్లేడు కనిపించింది. బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచింది. ఒక్క మాటతో తన పరువు కాపాడుకోగలిగిన వాడు, నా ఉద్యోగం కోసం ఆ మాట మింగేశాడు, నేను ఊరంతా చాటి ఆయన్ను దొంగను చేశాను అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఆ ఎనిమిది నెలలు ఏ బ్లేడుతో గీకినా పోయేవి కావు.

ఆ సాయంత్రమే అత్తగారి ముందు కూర్చుని అంతా చెప్పేసింది. వెంకటశేషమ్మ లేచి గడప దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. చివరికి, "నా ఎదురుగా ఆ మాట అనలేకపోయినాడంటే, నేనంత చెడ్డదాన్నా మే?" అంది. ఉష గ్రూపులో కూడా జరిగింది జరిగినట్టు రాసి, మర్నాడు హెబ్రోను షాపుకు వెళ్ళింది.

షాపులో రిపేరుకు తెచ్చిన ప్రింటర్ ఒళ్ళో పెట్టుకుని ఆ ఊరి రమణయ్య కూర్చుని ఉన్నాడు. ఉష ఎవరినీ పట్టించుకోలేదు. "అన్నా, ఆ మెమరీకి గోళ్ళరంగు పూసింది నేనే. నీకా పొద్దే తెలుసు. ఎందుకు చెప్పలేదు? నిన్ను దొంగని చేసినా గదన్నా" అంది.

హెబ్రోను కంగారుగా లేచాడు. "మెల్లగా చెల్లెమ్మా, మెల్లగా. మీ అత్తకు తెలిసిందా ఏంది?"

"నేనే చెప్పినా. ఊరందరికీ చెప్పినా."

"అయ్యో, ఎంత పని చేసినావు!" అని నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "అంత బాగా చేసిన రిపేరు, మొత్తం విప్పదీసినావు గదా!"

ఉషకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంతలో వెనక నుంచి రమణయ్య లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో ఏదో లెక్క నడుస్తోంది.

"అన్నా, ఒక మాట. పోయిన నెల నా ప్రింటర్‌కు గాలన్నావే. మొన్న మా వాడి ల్యాప్‌టాప్‌కు గూడా అదే అన్నావు. అయితే నేనే ఏమన్నా చేసి చెడగొట్టినానా..."

హెబ్రోను స్క్రూడ్రైవర్ కోసం బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. అది ఆయన చేతిలోనే ఉంది. ఎనిమిది నెలల కింద ఉష ఎదుట నోరు మూసుకున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది. ఉష కళ్ళు తుడుచుకుంది.

"గాలే రమణయ్యన్నా" అంది గట్టిగా. "నాదంటే గోళ్ళరంగు గానీ, నీది గాలే. మా మైపాడు దారిలో అయితే ఈ సంవత్సరం ఇంకా జోరు."